ముందు వరుసలోని అమ్మాయి: ప్రాథమిక పాఠశాలలో యాంగ్‌గె నేర్పుతుండగా ఎదురైన ఒక కేస్ స్టడీ

నేపథ్యం

సింగపూర్ ప్రాథమిక పాఠశాలల్లో బడి గంటలు ముగిశాక పిల్లలు సీసీఏ (కో-కరిక్యులర్ యాక్టివిటీస్) అనే కార్యక్రమాల్లో ఏదో ఒకదానిలో చేరతారు. సాధారణంగా మూడో తరగతి నుంచి మొదలు. ఆటలు, బ్యాండు, స్కౌట్లతో పాటు నృత్యం కూడా ఉంటుంది. నృత్యంలో చైనా, మలయ్, భారతీయ శాఖలు వేరువేరు. నేను చైనా నృత్య బృందంలో సహాయ శిక్షకురాలిని. చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది కూచిపూడి. చైనా జానపద నృత్యం ఇక్కడికి వచ్చాక, పెద్ద వయసులో పట్టుబడింది. ప్రధాన శిక్షకురాలు ఈశాన్య చైనాలో పుట్టి పెరిగినవారు. పిల్లలు ఆమెను 'లావ్‌షీ' (చైనీస్‌లో 'టీచర్') అని పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను.

ఈ కేసులోని అమ్మాయిని మెయ్ అంటాను. అది ఆమె పేరు కాదు. బడి, సంవత్సరం, కుటుంబ వివరాలు వదిలేశాను. తల్లి అనుమతితోనే రాస్తున్నాను.

ఆ ఏడాది మేము ఎంచుకున్నది ఈశాన్య యాంగ్‌గె. లియావోనింగ్, జీలిన్, హేలోంగ్‌జియాంగ్ ప్రావిన్సుల్లో చాంద్రమాన కొత్త సంవత్సరం నుంచి పదిహేనో రోజున వచ్చే దీపాల పండుగ దాకా వీధుల్లో ఆడే ఆట అది. డోళ్లు, తాళాలు, వాటి మీద స్వోనా అనే సన్నాయి జాతి వాద్యం. చేతుల్లో విసనకర్ర గానీ, ఎనిమిది మూలల రుమాలు గానీ ఉంటుంది. కొన్ని జట్లు కొయ్యకాళ్లు కట్టుకుని ఆడతాయి. యాంగ్‌గెకు ప్రాంతాన్ని బట్టి చాలా రూపాలున్నాయి. 2006లో చైనా ప్రకటించిన మొదటి జాతీయ అమూర్త వారసత్వ జాబితాలో షాన్‌షీ ఉత్తర ప్రాంతపు యాంగ్‌గె, షాన్‌డాంగ్‌లోని మూడు రకాలు, హెబెయ్‌లోని చాంగ్లీ, లియావోనింగ్‌లోని ఫూషున్ రూపాలు ఒకే పద్దు కింద చేరాయి.

మా బృందంలో పిల్లలు ఎక్కువమంది చైనా సంతతివారే. అంత మాత్రాన ఈ ఆట వాళ్ల ఇంట్లోదని అనుకోకూడదు. సింగపూర్ చైనీయుల పూర్వీకులు ఎక్కువగా ఫూజియాన్, గ్వాంగ్‌డాంగ్ వంటి దక్షిణ ప్రాంతాల నుంచి వచ్చారు. ఉత్తరాది వీధుల యాంగ్‌గె ఆ పిల్లలకు ఎంత దూరమంటే, గుంటూరు పిల్లలకు భాంగ్రా ఎంత దూరమో అంత. ఈ సంగతి ముందే తెలుసుకోవడం మంచిది. 'మీ సంప్రదాయమే కదా, ఒంట్లోనే ఉంటుంది' అని ఆశపడే పెద్దలు బడిలోనూ ఉంటారు, తల్లిదండ్రుల్లోనూ ఉంటారు.

అయినా యాంగ్‌గెనే ఎందుకు ఎంచుకున్నామంటే, అది నడక మీద నిలబడిన ఆట. అంతకుముందు పిల్లలతో దాయ్ జాతివారి నెమలి నృత్యం చేయించాం. వేళ్ల భంగిమలు, మూడు వంపుల నిలువు వచ్చేసరికి పిల్లలు బొమ్మల్లా నిలబడిపోయారు. భంగిమలు కుదిరాయి గానీ, ఒకదాని నుంచి ఇంకొకదానికి వెళ్లే దారిలో ఏమీ లేదు. నడవడం వచ్చిన పిల్లకు యాంగ్‌గె సగం వచ్చినట్టేనని లావ్‌షీ వాదన. అది నాకు సబబుగానే తోచింది.

ఎదురైన సమస్య

మెయ్‌కి ఎనిమిదేళ్లు. బడిలో చేరకముందు నుంచే జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. ఎంపిక రోజున కాలు ఎత్తి చెవి పక్కన ఆనించింది. చూపించిన అడుగును రెండో సారికే దించేసింది. అలాంటి పిల్ల కనిపిస్తే ఏ శిక్షకులైనా చేసేదే మేమూ చేశాం: ముందు వరుసలో, నట్టనడుమ నిలబెట్టాం. వెనుకవారు చూసి నేర్చుకుంటారు, మా పని తేలికవుతుంది.

కొన్ని వారాలకు మొత్తం ముందు వరుస కసరత్తులా కనబడసాగింది. అడుగులు సరిగ్గానే పడుతున్నాయి. తప్పు ఎక్కడో చెప్పలేం. అయినా అది యాంగ్‌గె కాదు. లావ్‌షీ ఒకరోజు పిల్లలు వెళ్లిపోయాక, 'వీళ్లు ఆడటం లేదు, కవాతు చేస్తున్నారు' అన్నారు.

పక్క నుంచి తీసిన వీడియోలో కారణం దొరికింది. మెయ్ మోకాళ్లు నిటారు దగ్గర ఆగడం లేదు. నిటారును దాటి వెనక్కి వంగి అక్కడ బిగుసుకుంటున్నాయి. ప్రతి తాళానికీ అదే తంతు. ఆమెను చూసి పక్కవాళ్లు, వాళ్లను చూసి వెనుకవాళ్లు మోకాళ్లు బిగించడం నేర్చేసుకున్నారు. వాళ్ల మోకాళ్లు మెయ్ మోకాళ్లలా వెనక్కి వంగవు. కాబట్టి వాళ్లలో అది ఉత్త బిగుతుగా మిగిలింది.

ఇది ఎందుకు పెద్ద లోపమో చెప్పాలి. ఈశాన్య యాంగ్‌గెలో ప్రాథమిక అడుగు చూడటానికి సులువు. రెండు అడుగులు ఒకదాన్నొకటి దాటుతూ ముందుకు, రెండు వెనక్కి. పాదాలు నేల మీద శిలువ ఆకారం గీస్తాయి. ఆట ఆ గీతలో లేదు. అడుగుకీ అడుగుకీ నడుమ మోకాలు మెత్తగా ఇచ్చి, మడమ నేలను నొక్కుతూ దిగే ఆ కాస్త జాగాలో ఉంది. అక్కడ పుట్టిన ఊపు నడుముకు చేరి, పైకీ కిందికీ, ముందుకూ వెనక్కీ, వలయంగా తిరిగి, భుజాల మీదుగా రుమాలు అంచుకు వెళుతుంది. ముందుకు తన్నే అడుగులో కాలు తాళానికి ముందరి అరక్షణంలో చురుగ్గా బయటికి వచ్చి, తాళం మీద బరువుగా దిగుతుంది. మోకాలు బిగిస్తే ఈ దారి మొదట్లోనే మూసుకుపోతుంది.

అదే సమయంలో మెయ్ మోకాళ్ల వెనుక నొప్పి అని చెప్పడం మొదలుపెట్టింది. ఇది రాకపోయి ఉంటే మేము దీన్ని కళ సమస్యగానే చూసేవాళ్లమేమో.

చేసి చూసినవి

మొదట నోటితో సరిదిద్దడానికి ప్రయత్నించాం. 'మోకాలు వంచు' అంటే వంచింది. మరీ వంచింది. గుంజీళ్ల మధ్యలో ఆగినట్టు నడుము కిందికి దిగిపోయి, మళ్లీ తాళం రాగానే వెనక్కి బిగుసుకుంది. ఆమె శరీరానికి 'వంగినది', 'చాచినది' అని రెండే స్థితులు తెలుసు. జిమ్నాస్టిక్స్‌లో చాచిన కాలికే మార్కులు. నడుమ ఉన్న స్థితికి అక్కడ చోటు లేదు. పైగా కీళ్లు అతిగా వంగే పిల్లలకు, ఆ కీలు సరిగ్గా ఎక్కడుందో లోపలి నుంచి తెలియడం కష్టం. కాలు నిటారుగా ఉందని ఆమె అనుకుంటున్న చోటు నిజానికి నిటారును దాటిపోయింది. 'కొంచెం వంచు' అనే మాటకు ఆమె లోపల కొలబద్ద లేదు.

తర్వాత అద్దం ముందు నిలబెట్టి నెమ్మదిగా లెక్కపెట్టాం. ఒకటి నుంచి ఎనిమిది దాకా ఒక్కో అంకెకు ఒక్కో అడుగు. అద్దంలో ముందు వైపు మాత్రమే కనిపిస్తుంది. మోకాలు వెనక్కి వంగడం పక్క నుంచే తెలుస్తుంది. లెక్కతో వచ్చిన ఇబ్బంది అంతకన్నా లోతైనది. అంకెలు తాళాలను సమానంగా, విడివిడిగా పేరుస్తాయి. 'రెండు' అనగానే పాదం రెండో చోట ఉండాలి, అంతే. ఒకటికీ రెండుకీ నడుమ ఏం జరగాలో ఏ అంకే చెప్పదు. ఎంత నెమ్మదిగా లెక్కపెడితే ఆగిన భంగిమలు అంత స్పష్టమయ్యాయి. అంటే మాకు అక్కరలేనిదే బలపడింది.

మూడోది, పెద్దల బృందాల వీడియోలు చూపించడం. దీన్ని మధ్యలోనే ఆపేశాం. రంగస్థలం మీది ఈశాన్య యాంగ్‌గెలో పెద్దల సరసం ఉంటుంది: భుజం ఎగరేయడం, ఓరచూపు, తల తిప్పడం. మెయ్ గొప్ప అనుకర్త. మోకాలి ఊపు వదిలేసి ఆ ఓరచూపునే పట్టుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల ముఖం మీద అది నాకు నచ్చలేదు, లావ్‌షీకీ నచ్చలేదు. పిల్లల కార్యక్రమాల్లో దాన్ని చూసి 'ఎంత ముద్దుగా ఉందో' అని చప్పట్లు కొట్టేవాళ్లను చాలామందిని చూశాను. నా దృష్టిలో అది అరువు తెచ్చిన హావభావం. పిల్లల యాంగ్‌గెకు అది లేని లోటేమీ ఉండదు.

ఇక మిగిలింది ఆమెను వెనుక వరుసకు పంపడం. దీని మీద మా ఇద్దరికీ అభిప్రాయభేదం వచ్చింది. మిగతా పిల్లలు ఆమెను చూసి నేర్చుకోవడం ఆగాలని లావ్‌షీ. నిజమే. కానీ ఎనిమిదేళ్ల పిల్లకు వెనక్కి పంపడమంటే శిక్షే, కారణం ఎంత మెల్లగా చెప్పినా అంతే అని నా మాట. చివరికి పంపాం. ముందు వరుస కొంత మెరుగుపడింది. మెయ్ మాట్లాడటం మానేసింది. వారం తిరగకముందే ఆమె తల్లి మమ్మల్ని కలవాలని అడిగారు.

తల్లితో మాట

ఆ సమావేశం లేకపోతే ఈ కేసులోని ముఖ్య విషయం మాకు తెలిసేదే కాదు. ఆమె కోపంగా రాలేదు. కూతురు వెనక్కి వెళ్లింది కాబట్టి ఒళ్లు ఇంకా సాగాలేమో అనుకుని, ఇంట్లో రాత్రిపూట వెనక్కి వంగి నేలకు చేతులు ఆనించే సాధన చేయిస్తున్నారట. బీజింగ్ డాన్స్ అకాడమీ గ్రేడ్ పరీక్షకు పంపాలని కూడా ఆలోచన. నృత్యమంటే సాగే ఒళ్లని ఆమె నమ్మకం. మేము ముందు వరుస ఇచ్చిన తీరు కూడా ఆ నమ్మకాన్నే బలపరిచింది.

వెనక్కి వంగే సాధన ఆపమని అక్కడికక్కడే చెప్పాం. ఇందులో బుజ్జగింపు అక్కరలేదు. పదేళ్లలోపు పిల్లల్లో వెన్నుపాము గాయాలకు ఈ సాధన ఒక ముఖ్య కారణమని చైనా వైద్యులు కొన్నేళ్లుగా చెబుతూనే ఉన్నారు. పిల్లల వెన్నెముక బాగా సాగుతుంది, లోపలి వెన్నుపాము అంతగా సాగదు. ఎముక విరగదు, ఎక్స్‌రేలో ఏమీ కనిపించదు, కాళ్లు మాత్రం పడిపోతాయి. లేచి నాలుగడుగులు నడిచాక కూలిపోయిన పిల్లల ఉదంతాలున్నాయి. అన్నిటికన్నా విచిత్రం, మేము నేర్పే ఆటకు ఈ విన్యాసంతో ఏ సంబంధమూ లేదు. వీధిలో వందలమంది కలిసి ఆడే యాంగ్‌గెలో ఎవరూ వెనక్కి వంగి నేలను ముట్టుకోరు.

మోకాళ్ల నొప్పికి ఫిజియోథెరపిస్టును కలవమన్నాం. దీన్ని మేమే వ్యాయామాలతో సరిచేయవచ్చని ఒక దశలో అనుకున్నాం. కానీ నొప్పి ఉన్న చోట నృత్య శిక్షకురాలి ఊహ చాలదు. ఫిజియోథెరపిస్టు బైటన్ పరీక్ష చేశారు. చిటికెన వేళ్లు, బొటనవేళ్లు, మోచేతులు, మోకాళ్లు, ముందుకు వంగడం కలిపి తొమ్మిది మార్కులకు కొలిచే పద్ధతి అది. మోకాలు పది డిగ్రీలకు మించి వెనక్కి వంగితే ఆ కాలికి ఒక మార్కు. మెయ్ కీళ్లన్నీ సాధారణం కన్నా ఎక్కువ వంగుతాయని తేలింది. అది జబ్బు కాదు, ఆమె శరీర స్వభావం. తొడ వెనుక కండరాలకు బలం, నిటారుకు ఒక వెంట్రుకవాసి ముందే ఆగి నిలబడటం, ఈ రెండే ఆమెకు ఇచ్చిన పని. సాగదీయడం ఎంత మాత్రం వద్దన్నారు.

పనికొచ్చినది

ఆ తర్వాత కొన్ని వారాలు నృత్యాన్ని పక్కన పెట్టాం. అద్దాలకు తెరలు వేశాం. ముందు, వెనుక అనే వరుసలే లేకుండా చేశాం. యాంగ్‌గెకు అసలు రూపం ఊరేగింపు. ఒక నాయకుడి వెంట పొడవాటి బారు రకరకాల చుట్లు తిరుగుతుంది. ఆ చుట్లకు పేర్లున్నాయి: డ్రాగన్ తోక ఊపడం, పాము కుబుసం విడవడం, క్యాబేజీ చుట్టడం. వేదిక కోసం కుదించిన నృత్యంలో ఇవి అలంకారంగా మిగిలాయి. మేము వీటినే పాఠం చేసుకున్నాం.

క్యాబేజీ చుట్టు పిల్లలకు బాగా నచ్చింది. బారు సుడిలా లోపలికి తిరుగుతూ బిగుస్తుంది, నాయకుడు నడిమధ్యకు చేరాక వెనుదిరిగి అదే దారి పక్క నుంచి బయటపడతాడు. కోలాటం ఆడినవారికి ఇలాంటి చుట్లు కొత్త కాదు. నేను దీన్ని ఎంచుకోవడానికి కారణం వేరే. సుడి బిగిసేకొద్దీ అడుగు చిన్నదవుతుంది, ప్రతి అడుగుకూ దిశ కొద్దిగా మారుతుంది. బిగించిన మోకాలితో అది సాధ్యం కాదు. ముందున్న పిల్ల మడమ తగులుతుంది. మోకాలు వంచమని ఎవరూ చెప్పక్కరలేదు, ఎంత వంచాలో ఆ జాగాయే చెబుతుంది. 'కొంచెం' అనే మాటకు మెయ్ దగ్గర లేని కొలబద్ద ఇక్కడ ముందున్న పిల్ల వీపు రూపంలో దొరికింది. ఆమెను బారు మొదట్లోనూ కాదు, చివరనూ కాదు, మధ్యలో పెట్టాం. బారు మధ్యలో ఉన్నవారిని ఎవరూ చూడరు. ఆమె అనుకరించడానికి కూడా వీపులు తప్ప ఏమీ కనబడవు.

రెండో మార్పు లెక్క మానేయడం. అంకెల బదులు డోలు దెబ్బలను నోటితో పలికించాం. చైనా తాళవాద్యాలకు నోటి అక్షరాలున్నాయి. డోలుకు 'డోంగ్', తాళాలకు 'ఛియాంగ్'. కూచిపూడిలో కాలు కదిపే ముందు జతులు నోటికి రావాలి. చిన్నప్పుడు మా మాస్టారు కూర్చోబెట్టి జతులు చెప్పించిన పద్ధతే ఇక్కడా పెట్టాను. 'డోంగ్' అన్న అక్షరం అంకెలా ఒక్క చోట ఆగదు. దాని చివర నాదం మోగుతూ ఉంటుంది. ఆ మోగే కాలం అంతా మోకాలు దిగుతూ ఉండాలి అని చెప్పాం. పిల్లలకు వెంటనే అర్థమైంది. డోలు వాయించే పని నాది. పిల్లల ముందు నిలబడి ఆడి చూపించడం నేను ఆ వారాల్లో పూర్తిగా ఆపేశాను. నా శరీరంలో అరమండి ఇంకా ఉంది, మోకాళ్లు పక్కకే తెరుచుకుంటాయి. యాంగ్‌గెలో మోకాళ్లు ముందుకు చూడాలి. నన్ను చూసి నేర్చుకుంటే ఇంకో వంకర వచ్చేది.

మూడోది రుమాలును తాత్కాలికంగా దాచేయడం. రుమాలు తిప్పడంలో మణికట్టు నేర్పు ఎక్కువ. ఒళ్లు కదలకపోయినా రుమాలు అందంగా తిరుగుతుంది, లోపాన్ని కప్పేస్తుంది. దాని బదులు పాత పద్ధతిలో నడుముకు ఎర్ర పట్టు పట్టీ కట్టి, రెండు చెంగులూ చేతుల్లో పట్టించాం. పట్టు అబద్ధం ఆడదు. కింద నుంచి ఊపు వస్తే చెంగు అలలా లేస్తుంది. మోకాలు బిగిస్తే అదురుతుంది, లేదా వేలాడుతుంది. మేము నోరు మెదపకుండానే మెయ్ చెంగు వైపు చూసుకుని అడుగు మార్చుకోవడం చూశాం. అద్దం చేయలేని పని అది.

నేల గురించి ఒక మాట. మడమ నొక్కే అడుగు సిమెంటు మీద మోకాలికి మంచిది కాదు. హాలు వదిలి చెక్క నేల ఉన్న వేదిక మీదికి మారాం. దానికోసం ఇంకో బృందంతో సమయం సర్దుకోవాల్సి వచ్చింది.

ఫలితం

మిగతా పిల్లలు తొందరగా మారారు. వాళ్లది అరువు తెచ్చుకున్న బిగుతు, వదిలేయడం తేలిక. మెయ్‌కి చాలా కాలం పట్టింది. మోకాళ్ల వెనుక నొప్పి ఆ టర్ము చివరికి దాదాపు పోయింది. తరగతిలో మళ్లీ మాటలు మొదలయ్యాయి, కొంచెం ఎక్కువగానే.

యాంగ్‌గెలో ఆమె అందరికన్నా మిన్న కాలేదు. మధ్యస్థ వేగంలో ఊపు చక్కగా కనబడుతుంది. స్వోనా అందుకుని ఆట వేగం పెరగగానే మోకాళ్లు పాత అలవాటుకు వెళ్లిపోతాయి. ప్రదర్శనలో ఆ భాగానికి ఆమెను సుడి లోపలి చుట్టులో ఉండేలా అమర్చాం. అక్కడ అడుగులు ఎలాగూ చిన్నవి. బారుకు నాయకత్వం వహించింది వేరే అమ్మాయి. ఎంపిక రోజున కాలు నడుము దాకా కూడా ఎత్తలేకపోయిన పిల్ల. నడిచేటప్పుడు ఆమె మోకాళ్లలో సహజంగానే మెత్తదనం ఉంది. ఆ రోజు దాన్ని చూసే పరీక్ష మా దగ్గర లేదు.

ఆ తర్వాత మార్చినవి

ఎంపికలో కాలు ఎత్తించడం తీసేశాం. ఇప్పుడు డోలు వాయిస్తూ పిల్లల్ని బారులో నడిపిస్తాం, వేగం మారుస్తాం, దిశ మారుస్తాం. చూసేది పక్క నుంచి. కీళ్లు అతిగా వంగే పిల్లలు నృత్య బృందాలకు ఎక్కువగానే వస్తారు. అలాంటివాళ్లు కనబడితే మెచ్చుకునే ముందు మోకాళ్లు, మోచేతులు గమనిస్తాం. తల్లిదండ్రులకు మొదటి వారంలోనే కాగితం ఇస్తాం: ఇంట్లో వెనక్కి వంగే సాధన వద్దు, కాళ్లు చీల్చి కూర్చోబెట్టి పైనుంచి నొక్కడం వద్దు. అంతకన్నా ముఖ్యంగా, ఇంట్లో ఏం సాధన చేయిస్తున్నారో అడుగుతాం. అడగకపోతే ఎవరూ చెప్పరు.

వరుసల విషయంలో లావ్‌షీకీ నాకూ ఇంకా పూర్తిగా కుదరలేదు. ఐదు, ఆరు తరగతుల పిల్లలకు అద్దం, వరుసలు కావాలని ఆమె అంటారు. వేదిక మీద ప్రేక్షకులు ఒకే వైపు ఉంటారు కాబట్టి అది నిజమే. ప్రస్తుతానికి మూడు, నాలుగు తరగతులకు టర్ములో సగం దాకా అద్దానికి తెర ఉంటుంది, పెద్ద పిల్లలకు ఉండదు. ముందు వరుసలో మాత్రం ఎవరికీ శాశ్వత స్థానం లేదు. ప్రతి వారం మారుతుంది.

మెయ్ తల్లి గ్రేడ్ పరీక్ష ఆలోచన మానుకోలేదు. ఏ స్థాయికి పంపాలో మమ్మల్ని అడిగి, మేము చెప్పిన దానికన్నా ఒక మెట్టు కిందిదే ఎంచుకున్నారు. జిమ్నాస్టిక్స్ కోచ్‌కు ఫిజియోథెరపిస్టు ఇచ్చిన కాగితం చూపించారట. అక్కడ చాచిన కాలికి మార్కులు ఎలాగూ తప్పవు. వారంలో రెండు రోజులు మోకాలు చాచమనే చోట, ఒక రోజు వదలమనే చోట ఆమె రెండు నడకలను విడివిడిగా ఎంతకాలం నిలుపుకోగలదో చూస్తున్నాం. స్వోనా వేగం అందుకునే భాగాన్ని ఈ టర్ములో ఆమెకు విడిగా, పట్టు చెంగులతోనే నేర్పుతున్నాం.